పోల్చలేనని చెప్పే ప్రమేయం

నేను ఒక ప్రమేయాన్ని, ఇంగ్లీషులో ఫంక్షన్ అంటారు. కంప్యూటర్ గణిత లైబ్రరీలో సైన్, కొసైన్ లాంటి పేరున్నవాళ్ల వెనకాల, ఎవరూ పిలవని మూల నా చోటు. రెండు దశాంశ సంఖ్యలిస్తే వాటిని అసలు పోల్చవచ్చో లేదో చెబుతాను. అంతే నా విద్య.

నన్ను రాసినవాళ్లు ఎంత ముందుచూపు గలవాళ్లో! లెక్క చెడితే యంత్రం ‘ఇది సంఖ్య కాదు’ అనే గుర్తు పెడుతుంది. అది నాలుగు కంటే చిన్నదా అంటే కాదు. పెద్దదా అంటే కాదు. సమానమా అన్నా కాదే. ఆ అయోమయాన్ని పట్టుకోవడానికే నన్ను పుట్టించారు.

ఏళ్ల తరబడి గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. భీమవరంలో నాగవేణి అనే అమ్మాయి రొయ్యల చెరువులకు ఒక పెట్టె తయారుచేసింది. నీళ్లలో ఆక్సిజన్ నాలుగు కంటే తగ్గితే అది నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతుంది. లైబ్రరీతో పాటు నేనూ ఆ పెట్టెలోకి చేరాను కానీ, పనంతా ‘కంటే తక్కువ’ గుర్తుకే అప్పగించింది.

మొదటి పెట్టె భద్రిరాజు గారి చెరువుకు పెట్టారు. డెబ్బై రోజుల పంట. ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం నాచు కమ్మిన సెన్సర్ ‘సంఖ్య కాదు’ అని పంపింది. నాలుగు కంటే తక్కువ కాదు కదా అని ఏరియేటర్లు తిరగలేదు. మబ్బు పడితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుందని గట్టు మీద తిరగడం రాజుగారి అలవాటు. రొయ్యలు పైకి తేలడం చూసి పరుగెత్తుకొచ్చి మోటార్లు వేశారు. సగం పంటే దక్కింది.

తప్పు సెన్సర్ మీదకు తోసెయ్యమని నాగవేణికి అందరూ సలహా ఇచ్చారు. ఆమె తిన్నగా గట్టు మీదకు వచ్చింది.

“తప్పు నాదేనండి రాజుగారూ. తెలీనిదాన్ని బాగున్నట్టే లెక్కేశానండి.”

ఆ మాటకు నేను మురిసిపోయాను. రాజుగారు పెట్టె బాగుచేసి మళ్లీ పెట్టమన్నారు.

ఆమె లైబ్రరీ అంతా వెతికి నన్ను పట్టుకుంది. ‘కంటే తక్కువ’ గుర్తుకు ముందు నిలబెట్టింది. పోల్చలేనని నేనంటే చాలు, ఏరియేటర్లు తిరగాలి, రాజుగారి ఫోన్ మోగాలి.

తర్వాతి పంటలో రొయ్యలు తీసే పట్టుబడికి పది రోజులుందనగా మళ్లీ మబ్బు పట్టింది, సెన్సర్ మళ్లీ చెడింది. పోల్చలేనన్నాను. ఏరియేటర్లన్నీ ఒక్కసారిగా తిరిగాయి. ఫోన్ చూసుకుని రాజుగారు, కబురందుకుని నాగవేణి వచ్చేసరికి నీళ్ల మీద ఒక్క రొయ్య తేలలేదు.

రాజుగారు గట్టంతా ఒక చుట్టు తిరిగి వచ్చారు.

“అమ్మాయ్, రెండో చెరువుక్కూడా ఓ పెట్టె కావాలి. ఎప్పుడు పెడతావ్?”

నాగవేణి కళ్లు తుడుచుకుని, రేపే వస్తానంది.