బండ దాకా

కొత్త సంవత్సరం పొద్దున ప్రార్థన అయ్యాక, ఈ ఏడు ఏం సాధించదలచుకున్నారో ఒక్కొక్కరే లేచి చెప్పమన్నాడు పాస్టరు. ఒకాయన తాగుడు మానేస్తానన్నాడు. పోయినేడూ అదే అన్నాడని వెనక నుంచి ఎవరో గొణిగారు. ఒకామె ఇంటికి రేకుల కప్పు వేయిస్తానంది. తివోంగె లేచింది.

"సరస్సులో ఆ బండ ఉంది చూశారూ, అక్కడిదాకా ఈదుకుంటూ పోతా."

చర్చి మొత్తం గొల్లున నవ్వింది. యాభైకి దగ్గరపడ్డ మనిషి, చిట్టి చేపలు ఎండబెట్టి సంతలో అమ్ముకునే మనిషి.

"మొసలికి పండగే," అన్నాడు ఒక జాలరి.

"నవ్వండి," అంది తివోంగె. "ఆగస్టులో పడవ తిరగబడ్డప్పుడు కూడా ఇట్లాగే నవ్వాల్సింది."

నవ్వు ఆగిపోయింది. పాస్టరు గబగబా కీర్తన ఎత్తుకున్నాడు.

ఆగస్టు గాలుల్లో, మూటలూ మనుషులూ కిక్కిరిసిన ఆ పడవ ఒడ్డుకు దగ్గర్లోనే బోర్లాపడింది. మగవాళ్లందరూ ఈదుకుంటూ వచ్చారు. ఆడవాళ్లలో ఒక్కరూ రాలేదు. మలావీ సరస్సు పక్కనే పుట్టి, ఆ నీళ్లలోనే గిన్నెలు తోమి, బట్టలు ఉతికి, పిల్లలకు స్నానాలు చేయించిన ఆడవాళ్లు. మగపిల్లలు నడక రాగానే నీళ్లలో పడి దొర్లుతారు. ఆడపిల్ల మోకాలు దాటి దిగితే తల్లే కేకేస్తుంది. పోయినవాళ్లలో తివోంగె చెల్లెలు ఎస్నాత్ ఉంది. ఒడ్డుకు చేరినవాళ్లలో ఎస్నాత్ మొగుడు యోబె ఉన్నాడు. మునిగిపోతూ ఆమె అతని మెడ పట్టుకుంది, అతను విడిపించుకున్నాడు. సంగతి అందరికీ తెలుసు. శవాల పక్కన కూలబడి తనే చెప్పుకుని ఏడ్చాడు.

తివోంగె చర్చి నుంచి తిన్నగా అతని ఇంటికే వెళ్లింది. యోబె వల బాగుచేసుకుంటున్నాడు.

"నాకు ఈత నేర్పు."

"నేనా? ఇంకెవరినైనా అడుగు వదినా."

"నువ్వు ఈదొచ్చావుగా. నీ అంత బాగా వచ్చినవాడు ఊళ్లో ఎవడున్నాడు?"

అతను వల పక్కన పెట్టాడు. మర్నాడు పొద్దున్నే రేవుకు వచ్చాడు.

నీళ్లు మింగింది, దగ్గింది, తిట్టింది. ఒంటికి చుట్టుకున్న బట్ట కాళ్లకు అడ్డం పడితే దాన్నీ తిట్టింది. ఒడ్డున కూర్చున్న కుర్రాళ్లు కప్ప, కప్ప అని అరుస్తుంటే గుప్పెడు ఇసుక విసిరింది.

"కోపంతో ఒళ్లు బిగబట్టుకుంటే మునిగిపోతావు వదినా."

"నా కోపం జోలికి రాకు. చేతులెలా ఆడించాలో అది చెప్పు."

కోపం పోలేదు గానీ ఒళ్లు మెల్లగా తేలికపడింది. ఒకరోజు చెవులదాకా నీళ్లలో పడి వెల్లకిలా తేలింది. ఊరి గోల ఒక్కసారిగా ఆగిపోయి పైన ఆకాశం ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్లూ ఇది పక్కనే ఉందా అనుకుంది.

మెడలోతుకు వెళ్లేటంత ధైర్యం వచ్చాక, ఉన్నట్టుండి వెనక నుంచి యోబె మెడ చుట్టూ రెండు చేతులూ బిగించింది.

"ఇప్పుడు ఏం చేస్తావో చేసి చూపించు."

"వద్దు వదినా."

"చూపించు."

అతను ఊపిరి బిగబట్టి కిందికి మునిగాడు. ఆమె చేతులు వాటంతటవే వదులయ్యాయి. వెనక నుంచి పైకి తేలి, గడ్డం కింద చెయ్యి వేసి, ఆమె మొహం నీటిపైనే ఉండేలా పట్టుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఎంతోసేపు పట్టలేదు.

ఇసుక మీద కూర్చుని తివోంగె అడిగింది. "ఇది ఆరోజు నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి?"

"సగమే చేశా. విడిపించుకున్నాక వెనక్కి తిరగలేదు. భయమేసింది."

చెంప పగిలేలా కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. ఆమె మళ్లీ ఎత్తిన చెయ్యి దింపేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతన్ని పిలవలేదు. ఒంటరిగానే దిగింది.

వానలు వెనకబట్టాక, అలలు లేని ఒక పొద్దున బయలుదేరింది. సగం దూరంలో చేతులు లాగేశాయి. వెల్లకిలా తేలి, సేద తీరాక మళ్లీ ఈదింది. బండ మీద పక్షుల రెట్టలు కంపుకొడుతున్నాయి. పైకి పాకి ఇటు తిరిగి చూసింది. రేకుల కప్పులు, మామిడి చెట్లు, పొగలు, చీమల్లా మనుషులు. తన ఊరిని ఎదురుగా నిలబడి చూడటం ఇదే మొదటిసారి. ఆపుకోలేనంత సంతోషం పొంగుకొచ్చింది. పడవ మునిగిన చోటు కళ్లబడింది. బండకూ ఒడ్డుకూ మధ్య, ఒడ్డుకే దగ్గర. దాన్ని దాటే వచ్చింది తను. ఇంతేనా దూరం? ఈ కాస్త దూరానికా? పళ్లు పటపట కొరికి, బండ మీద కూర్చుని పెద్దగా ఏడ్చింది.

తిరిగి వచ్చేసరికి యోబె ఛాతీలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. గట్టున అతని కూతురు మ్విజా.

"అక్కడ ఏముంది పెద్దమ్మా?" అని పిల్ల అడిగింది.

"నువ్వే వెళ్లి చూద్దువుగాని."

"అది ఇంకా చిన్నది వదినా," అన్నాడు యోబె.

తివోంగె అతని వైపు తిరిగింది. "దానికి నువ్వే నేర్పుతావు. రెండో సగంతో సహా. నేను పక్కనే ఉంటా."

మర్నాడు ముగ్గురూ నీళ్లలోకి దిగారు. చేతులు, కాళ్లు, ఊపిరి, ఇవి తప్ప తివోంగె అతనితో వేరే మాట మాట్లాడలేదు.