గోడ వైపు తిరిగి కట్టిన పట్టీ

"వెలుగు పోతోంది, వదులు" అన్నది ఎవరు?

ఈ ప్రశ్నను రెండు వారాల్లో ఐదుగురికి వేశాను. దర్శకుడు తాను మానిటర్ ముందు ఉన్నానన్నాడు. ఫైట్ మాస్టర్ గోడౌను కింద ఉన్నానన్నాడు. ఛాయాగ్రాహకుడు పడవలో, సహాయ దర్శకుడు ఘాట్ మెట్ల మీద, ప్రొడక్షన్ మేనేజరు ఫెర్రీ టిక్కెట్ల కిటికీ దగ్గర ఉన్నారట. ఎవరు ఎక్కడ నిలబడ్డారని నేను అడగలేదు. నిలబడిన చోటు మాత్రం అందరికీ చక్కగా గుర్తుంది.

నా పేరు జ్ఞానప్రసూన. ముప్పై నాలుగేళ్లు ఒక కళాశాల గ్రంథాలయంలో పనిచేశాను. ఏ పుస్తకం ఏ బీరువాలో ఏ అరలో ఉందో చెప్పలేకపోతే నా వృత్తిలో అది తప్పు. ఒక మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చెప్పలేకపోవడం సినిమావాళ్లకు తప్పు కాదని ఈ వయసులో నేర్చుకున్నాను.

ధాత్రి మా తమ్ముడి కూతురు. ఇరవై ఎనిమిదేళ్లు. తమ్ముడికి బ్యాంకులో బదిలీలు ఎక్కువ కావడంతో తొమ్మిదో ఏట నుంచి కలకత్తా భవానీపూర్‌లో నా దగ్గరే పెరిగింది. ఆ ఏడే నేను ఆమెను మా వీధి చివర క్లబ్బు గదికి తీసుకువెళ్లి, అక్కడ కరాటే నేర్పే గురవయ్య గారికి అప్పగించాను. ఆయన రైల్వేలో పోలీసుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన గదిలో ఒక నియమం ఉండేది. నడుముకి కట్టిన బెల్టు జారినా, దుస్తులు చెదిరినా, గురువుకు ఎదురుగా సర్దుకోకూడదు. గోడ వైపు తిరగాలి, తన ముడి తనే వేసుకోవాలి, మళ్లీ ఇటు తిరిగి వంగి నమస్కరించాలి. ఆ నమస్కారానికి అర్థం ఒక్కటే: నేను సిద్ధం. ఇంకొకరి ముడి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు. ఈ నియమం నాకు ఎంత నచ్చిందంటే, ఒక సంఘం వారి సంచికకు దాని మీద నాలుగు పేజీల వ్యాసం కూడా రాశాను. సంస్కారం చేతివేళ్లలోకి దిగాలని అందులో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం గురించి తరువాత చెబుతాను.

జాతీయ పోటీల్లో ధాత్రికి రెండు రజతాలు, ఒక స్వర్ణం వచ్చాయి. తరువాత సినిమావాళ్లు వచ్చారు. కథానాయికలు దూకవలసిన చోట ఆమె దూకేది, తన్నవలసిన చోట ఆమె తన్నేది. పదకొండు సినిమాల్లో ఆమె వీపును నేను గుర్తుపట్టాను. ముఖం ఒక్కదానిలోనూ లేదు. పన్నెండో సినిమా బెంగాలీది. అందులో ఆమే కథానాయిక. ముప్పై రెండు రోజుల చిత్రీకరణలో ఇరవై తొమ్మిది రోజులు ఆమె ముఖంతోనే గడిచాయి.

ముప్పయ్యో రోజు ఫిబ్రవరి పదకొండు. హౌరా వైపు నది ఒడ్డున ఒక పాత ఘాట్‌లో గోడౌను కప్పు మీద నుంచి పధ్నాలుగు అడుగులు కిందికి దూకాలి. దూకే మనిషికి నడుము చుట్టూ, తొడల చుట్టూ పట్టీలు బిగించి వెనక తాడు తగిలిస్తారు. ఆ తాడు చివర పట్టుకుని, వదిలి దూకనిచ్చే మనిషి బైరాగి. వాళ్ల నాన్న శ్రీకాకుళం వైపు నుంచి హౌరా జనపనార మిల్లుకు వచ్చాడు. కొడుకు ఇరవై రెండేళ్లుగా సినిమా తాళ్లు పడుతున్నాడు. ప్రతి బకిల్‌నూ మూడుసార్లు లాగి చూసి, దూకే మనిషి భుజం మీద రెండు దెబ్బలు వేస్తాడు. ఆ దెబ్బలు పడకుండా అతని తాడు మీద ఎవరూ దూకలేదు.

మొదటి టేక్ బాగానే వచ్చింది. మరొకటి కావాలన్నారు. సాయంత్రం నాలుగూ ముప్పై ఆరు నిమిషాలకు ధాత్రి రెండోసారి దూకింది. ఎడమ తొడ పట్టీ గాలిలోనే ఊడింది, ఒళ్లు పక్కకు ఒరిగింది, మడమ మెట్టు అంచు మీద పడింది. ఎముక మూడు ముక్కలు.

ప్రమాదం తరువాత పదహారో రోజున సంస్థ నుంచి ఒక కాగితం వచ్చింది. తాళ్ల బాధ్యుడు బైరాగి పట్టీలు పరీక్షించని కారణంగానే ప్రమాదం జరిగిందని అందులో ఉంది. కింద ధాత్రి సంతకానికి చోటు. సంతకం పెడితే మడమ కుదుటపడేదాకా ఆగి మిగిలిన మూడు రోజులు ఆమెతోనే తీస్తారు. పెట్టకపోతే ఆగరు. యూనియన్ అప్పటికే బైరాగి కార్డు తీసి పక్కన పెట్టింది. ఈ సంతకం చేరితే అది ఇక తిరిగి రాదు, కార్డు లేనివాడికి సినిమాల్లో పని లేదు. మర్నాడు పదకొండు గంటలకు మేనేజరు వచ్చి కాగితం తీసుకువెళతానన్నాడు.

నేను ఊరుకునే మనిషిని కాను. ఆ సాయంత్రమే నాలుగు పేజీల ప్రత్యుత్తరం రాశాను. దాని మొదటి వాక్యం: "ఈ ప్రమాదంలో ధాత్రి వైపు నుంచి ఏ లోపమూ లేదు."

మర్నాడు పది గంటలకు తలుపు తట్టింది మేనేజరు కాదు, బైరాగి. చేతిలో గుడ్డసంచీ ఉంది. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"లోపలికి రండి బైరాగి గారూ, కూర్చోండి."

"నన్ను మీరనకండమ్మా, బయమేస్తాది. యూనియనాఫీసోలు కూడా అలాగే గారూ అన్నారు. మర్నాడే కార్డు తీసీసుకున్నారు."

ధాత్రి కిటికీ పక్క కుర్చీలో ఉంది. కట్టు కట్టిన కాలు ఎదురుగా పీట మీద పెట్టుకుంది. అతన్ని చూసి నవ్వడానికి ప్రయత్నించింది. బెంగాలీ అలవాటులో అతను ఆమెకు దాదా, అంటే అన్న; ఆమె అతనికి దీదీ, అంటే అక్క.

"ఏటి దాదా, సన్నమైపోయావు?"

"తాడు లాగితేనే కదా దీదీ కండ నిలిచేది." అతను సంచీలోంచి ఒక పట్టీ, దానికి తగిలించిన ఇనప బకిల్ తీశాడు. "ఇది ఆ ఊడిపోనదాని జతదే. పదిహేడు రోజులై సూస్తన్నాను. ఎలా ఊడిపోనాదో బుర్రకెక్కట్లేదు. మొదటి టేకుకి నా సేత్తోనే కట్టినాను. రెండు మార్లు తిప్పి దూర్చినాను. అలా తిప్పితే ఏనుగు లాగినా ఊడదు. బకిల్లోనే ఏదో ఉందేమో, నువ్వు కూడా ఓ పాలి సూడు."

పట్టీ ధాత్రి చేతిలోకి వెళ్లింది. ఆమె దాన్ని ఒడిలో పెట్టుకుంది. తరువాత, కాలు పీట మీదే ఉంచి, నడుము పైభాగం మెల్లగా గోడ వైపు తిప్పింది. మా ఇద్దరికీ ఆమె వీపు మాత్రమే కనబడింది. మోచేతులు రెండుసార్లు కదిలాయి. ఇటు తిరిగి, తల వంచి నమస్కరించి, పట్టీ బిగించిన తొడను చూపించింది.

బైరాగి వంగి చూశాడు.

"దీదీ. ఒక్కపాలే తిప్పినావు."

"ఆ రోజు కూడా ఒక్కసారే." ఆమె నా వైపు చూసింది. "మొదటి టేక్ అయ్యాక తొడ దగ్గర కోసుకుపోతోంది అత్తా. వదులు చేసుకున్నాను. మళ్లీ నేనే కట్టుకున్నాను. కప్పు మీది పిట్టగోడ వైపు తిరిగి. ఇటు తిరిగి నమస్కారం పెట్టాను."

"ఎప్పుడు గుర్తొచ్చింది?"

"మర్చిపోతే కదా. ఆస్పత్రిలో కళ్లు తెరిచేసరికే తెలుసు."

"పదిహేడు రోజులు ఊరుకున్నావు."

"ఊరుకున్నాను. ఆ సినిమా నాకు కావాలత్తా. చాలా కావాలి. మూడు రోజులే మిగిలింది. ఒక్కసారి నా మొహం నేను చూసుకోవాలనుకున్నాను." ఆమె గొంతు పెరగలేదు. "దాదా ఇంటికొచ్చి ఇలా ఇనప ముక్క పట్టుకుని తిరుగుతాడనుకోలేదు."

బైరాగి పట్టీ విప్పి సంచీలో పెట్టుకున్నాడు. అతను కోప్పడతాడని ఎదురుచూశాను.

"నీ ఒక్కదానిదే అంటే నానొప్పను. నాను సూడాల. మూడు పాళ్లు లాగాల, బుజం మీద కొట్టాల. కొట్టలేదు. నా సెవిలో మిషనీ ఉంది కదా, వాకీటాకీ, దాన్లోంచి మాటొచ్చింది. ఆలో చోలే జాచ్ఛే, ఛాడో అన్నారు. వెలుగు పోతంది, వదులూ అని. తలెత్తి సూస్తే నువ్వు దండం పెట్టీసినావు. అయిపోనాదనుకుని ఒగ్గీసినాను."

"ఎవరి గొంతు?" అన్నాను.

"గరగరలో ఏటి తెలుస్తాదమ్మా. మాటాడీ మిషనీలు ఐదుగురికే ఉన్నాయి. నాను వినీవోణ్ణే, మాటాడీవోణ్ణి కాను."

నేను నా నాలుగు పేజీలు బల్ల మీద పరచుకున్నాను. మొదటి వాక్యం మీద అడ్డంగా గీత గీశాను. అది అబద్ధం. తెలియక రాసినా అబద్ధమే. సంస్కారం చేతివేళ్లలోకి దిగాలని రాసిన వేళ్లు ఇవే. దిగింది. గురవయ్య గారి గదిలో గౌరవమైనది ఆ కప్పు మీద ప్రమాదమైంది. ఆమె వీపు వెనక బకిల్ ఎవరికీ కనబడలేదు, ఆమె నమస్కారాన్ని తాడు మనిషి పరీక్ష పూర్తయినట్టు చదువుకున్నాడు. ఆ చదువు తప్పని చెప్పవలసిన క్షణంలో ఎవరో తొందరపెట్టారు.

"కొత్తది రాసెయ్ అత్తా," అంది ధాత్రి. "మూడు ముక్కల్లో."

"రాస్తాను. కానీ విను. భద్రతా నియమం తప్పిన నటి అని ఈ వాక్యాన్నే ప్రతి సంస్థకూ చూపిస్తారు. ఇంకెవరూ పిలవరు. రాయమంటావా?"

ఆమె కిటికీలోంచి వీధిని చూసింది. ట్యాక్సీ ఒకటి వచ్చి ఆగుతోంది. పదకొండుకి పది నిమిషాలు ఉంది.

"రాయి."

మూడు వాక్యాలు రాశాను. ఎడమ తొడ పట్టీని నేనే విప్పి, గోడ వైపు తిరిగి, ఒక్కసారి మాత్రమే తిప్పి బిగించుకున్నాను. బైరాగి నా పట్టీలను రెండోసారి పరీక్షించలేదు. పరీక్షించకముందే తాడు వదలమని అతనికి ఆజ్ఞ ఇచ్చిన వ్యక్తి పేరు — అక్కడ ఖాళీ వదిలాను. నకలు కూడా రాసుకున్నాక ధాత్రి రెంటి మీదా సంతకం చేసింది. కాగితం అంచు పట్టుకున్న ఎడమచేతి గోళ్లు తెల్లబడ్డాయి.

మేనేజరు నిర్మాల్య నలభై దాటిన మనిషి. మాట మెత్తన. బైరాగి కుర్చీలో కూర్చుని ఉండడం చూసి తాను నిలబడే ఉన్నాడు. పిన్ని అనే అర్థంలో నన్ను మాసీమా అని బెంగాలీలో పలకరించి, కాగితం అందుకుని రెండుసార్లు చదివాడు.

"మాసీమా, మీరు చదువుకున్నవారు. దీనివల్ల ఎవరికి నష్టమో మీకు తెలియదా?"

"తెలుసు. ఆమెకూ చెప్పాను."

"ఈ ఖాళీ ఏమిటి?"

"అక్కడ ఒక పేరు ఉండాలి. మీ దగ్గర ఉంటే రాయండి."

అతను నవ్వాడు. "ఆ రోజు ఘాట్‌లో రెండువందల మంది జనం. షూటింగ్ అంటే అరుస్తారు. ఎవరేమన్నారో ఎలా చెబుతాం?"

"జనం అరిస్తే నాను తాడొగ్గుతానా బాబూ?" అన్నాడు బైరాగి బెంగాలీలోనే, ఎంతో మర్యాదగా. "మాట సెవిలోంచొచ్చింది."

"ఆ యంత్రాలు ఐదుగురి దగ్గరే ఉన్నాయి," అన్నాను. "మీరు వారిలో ఒకరు."

"నేను ఫెర్రీ కిటికీ దగ్గర ఉన్నాను."

"మీరెక్కడ ఉన్నారని నేను అడగలేదు."

నిర్మాల్య కలం మూత తీసి, ఖాళీ వైపు చూసి, మూత మళ్లీ బిగించాడు. తరువాత ధాత్రి వైపు తిరిగాడు. "ఇంకా సమయం ఉంది. ఈ ఖాళీలో బైరాగి పేరే రాసుకోవచ్చు. తనే తొందరపడ్డాడని. మీ పట్టీ సంగతి ఎవరికీ అక్కర్లేదు. మీ కాలు నయమయ్యేదాకా ఆగుతాం."

నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. ఆ ముఖం తెర మీద ఎంత బాగుంటుందో ఆ క్షణంలో తెలిసింది. ఏదీ దాచలేదు, కోరిక, సిగ్గు, కోపం, వరుసగా దాటిపోయాయి.

"మీరు నా కోసం ఆగక్కర్లేదు, నిర్మాల్య దా," అంది. "కాగితం తీసుకెళ్లండి. నకలు అత్త దగ్గర ఉంది."

అతను వెళ్లాక బైరాగి లేచి, ఆమె కుర్చీ వెనక్కి నడిచి, భుజం మీద మెల్లగా రెండు దెబ్బలు వేశాడు.

తొమ్మిది రోజుల తరువాత ఆ పాత్రకు మరొక అమ్మాయిని తీసుకున్నారు. ముఖం ఉన్న ఇరవై తొమ్మిది రోజులూ మళ్లీ తీస్తారట. దూకిన మొదటి టేక్ మాత్రం బాగుంది కనుక ఉంచుతారట. అది పన్నెండో వీపు. సంస్థ కెమెరాలో రెండో టేక్ ఉంది; అందులో కప్పు కనబడుతుంది, ఐదుగురిలో ఒక్కరూ కనబడరు. ధాత్రి వాంగ్మూలం యూనియన్‌కు అందింది. ఖాళీలో పేరు లేనంతవరకు ఆజ్ఞ లేనట్టేనని, తాడు వదిలిన బాధ్యత తాడు మనిషిదేనని వారు జవాబు రాశారు. బైరాగి కార్డు మీద ఆఖరి విచారణ మార్చి ఇరవై ఆరున.

కనుక ఇది మీ కోసం రాశాను. ఫిబ్రవరి పదకొండు సాయంత్రం ఆ ఘాట్ మెట్ల మీద మీరు రెండువందల మంది ఉన్నారు. కథానాయిక దూకుతుంటే ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. అందరూ కప్పు వైపే తిప్పి ఉండరు. ఒక్కరి చెయ్యయినా వణికి, ఒక్క ఫోనయినా కిందికి వాలి ఉంటుంది. నాలుగూ ముప్పై ఆరుకి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్న మనిషి ఎవరో అందులో ఉంది. మీ ఫోను తీయండి. ఆ తేదీకి వెళ్లండి. ఆమెను కాదు, ఆమె చుట్టూ ఉన్నవాళ్లను చూడండి. ఆ పేరు ఇరవై ఆరో తేదీలోగా నాకు పంపండి.