స్పానరమ్మ షెడ్డు

వీధిలో అందరూ ఆమెను స్పానరమ్మ అనేవారు. పెళ్ళికి ముందే రెక్కలు ముక్కలు చేసుకుని, స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఒకటి కొనుక్కుంది. రేకుల కప్పు, నూనె మరకల నేల, గోడకు వేలాడే పాత టైర్లు. అయినా అది ఆమె సొంతం.

ఒక ఉదయం ఆమె స్కూటరు పక్కన చతికిలబడి బ్రేకు బిగిస్తుంటే, ఎవరో కొత్తాయన వచ్చి టేపుతో గోడలు కొలవడం మొదలుపెట్టాడు. ఆయన వెనకాలే బావగారు. బావగారి వెనక తల దించుకుని భర్త.

"ఏంటండీ ఇది?"

"ఈయన షెడ్డు కొంటున్నారమ్మా. తమ్ముడు నిన్ననే అగ్రిమెంటు మీద సంతకం పెట్టాడు," అన్నాడు బావగారు.

"షెడ్డు నాదైతే ఆయన సంతకమేంటి?"

"పెళ్ళయ్యాక నీదేంటి, వాడిదేంటి? అంతా ఇంటిదేగా!"

ఆమె భర్త వైపు చూసింది. అతను చూపు టైర్ల మీదికి తిప్పేశాడు.

మర్నాటికల్లా షట్టరుకు కొత్త తాళం పడింది. స్పానరమ్మ బెంబేలెత్తలేదు. తన దగ్గర బండి బాగుచేయించుకునే లాయరమ్మ ఇంటికి నేరుగా వెళ్ళింది.

"పెళ్ళికి ముందు నీ డబ్బుతో కొన్నది నీదే. నువ్వు అమ్మితే తప్ప ఎవరూ అమ్మలేరు," అంది లాయరమ్మ. "కానీ వాళ్ళు కోర్టులో నానా మాటలూ అంటారు. తట్టుకుంటావా?"

"తుప్పు పట్టిన బోల్టులతో రోజూ కుస్తీ పడేదాన్ని. మాటలొక లెక్కా?"

కేసు వేశాక లాయరమ్మ చెప్పినట్టే జరిగింది. పేరు ఆమెదే అయినా షెడ్డు కొన్న డబ్బు కాబోయే భర్తదేనని అవతలి లాయరు ఊదరగొట్టాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చివరికి జడ్జిగారు భర్తనే బోనులోకి పిలిచారు.

"నిజం చెప్పండి. డబ్బు మీరిచ్చారా?"

అతను అన్న వైపు చూశాడు, తర్వాత భార్య వైపు.

"లేదండీ. నా బండి నడిరోడ్డు మీద ఆగిపోతే తోసుకుంటూ ఆ షెడ్డుకి వెళ్ళాను. ఈవిణ్ణి మొదటిసారి చూసింది అక్కడే. అప్పటికే షెడ్డు ఈవిడది. నేనిచ్చింది రిపేరు కూలి ఒక్కటే. అది కూడా బేరమాడి ఇచ్చాను."

కోర్టు హాలంతా గొల్లుమంది. బావగారి మొహం కందగడ్డయింది.

"అన్నయ్య మాట కాదనలేక సంతకం పెట్టానండీ. తప్పు నాదే," అన్నాడు భర్త.

షెడ్డు ఆమెదేననీ, ఆ అగ్రిమెంటు చెల్లదనీ, తాళం పగలగొట్టే హక్కు ఆమెకుందనీ తీర్పు వచ్చింది. ఆ మధ్యాహ్నమే వీధి వీధంతా షెడ్డు ముందు పోగైంది. భర్త ఆమె చేతిలోని కరెంటు కట్టరు అందుకోబోయాడు.

"నేను కోస్తా, ఇలా ఇవ్వు."

"అక్కర్లేదు. నా షెడ్డు, నేనే తెరుచుకుంటా."

నిప్పురవ్వలు ఎగిరాయి. తాళం ఠంగుమని నేల మీద పడింది. ఆమె రెండు చేతులతో షట్టరు పైకి తోసేసరికి ఈలలు, చప్పట్లు మిన్నంటాయి. గుమ్మం దగ్గరే తచ్చాడుతున్న భర్తను చూసి ఆమెకు నవ్వు ఆగలేదు.

"లోపలికి రా. కానీ కస్టమరులా రా, ఓనరులా కాదు!"

అప్పటికే బయట బండ్లు బారులు తీరాయి. స్పానరమ్మ చీర కొంగు నడుముకు బిగించి, మొదటి స్కూటరును లోపలికి లాక్కుంది.