వాపసు ఇచ్చిన ఆవు

మా పెళ్లి నమోదు చేయించుకున్న రోజు జేగిల్ నన్ను ఏదైనా మంచి హోటలుకి తీసుకెళ్తాడనుకున్నాను. పశుపోషకుల సహకార సంఘం ఆఫీసుకి తీసుకెళ్లాడు. తన కొట్టంలోని పెయ్యల్లో ఒకదాన్ని నా పేరు మీదకి మార్పించాడు. బయటికి వచ్చాక దాని చెవి బిళ్ల నంబరు నా ఫోనులో కొట్టి చూపించాడు. యజమాని: యున్ సెబిన్. ప్రభుత్వం వారి అక్షరాల్లో నా పేరు. అప్పటిదాకా నా పేరు మీద ఉన్నవల్లా ఒక లైబ్రరీ కార్డు, ఒక సైకిలు. వీధిలో నిలబడి గంతులేశాను. సంఘం గుమాస్తా కిటికీలోంచి చూసి నవ్వుకున్నాడు.

నేను గ్వాంగ్జు నగరంలో పుట్టి పెరిగాను, అక్కడే కాలేజీలో చరిత్ర చదివాను. మా జాంగ్‌హుంగ్ జిల్లాలో మనుషులకంటే పశువులెక్కువ అని జేగిల్ పెళ్లికి ముందే చెప్పాడు. అప్పుడు నవ్వాను. వచ్చాక చూస్తే మా వీధిలో సాయంత్రం దీపం వెలిగే ఇళ్లు రెండే. ఒకటి మాది, ఒకటి గ్రామపెద్దది. మిగతా ఇళ్ల వాకిళ్లలో గుమ్మడిపండు రంగు పిల్లులు తిరుగుతుంటాయి.

అయినా నాకు సంతోషాలకేం తక్కువ లేదు. గుమ్మం దగ్గర అతని రబ్బరు బూట్లు నా బూట్ల మీదకి ఒరిగి ఉండడం ఒక సంతోషం. కోతలయ్యాక పొలాల్లో గడ్డిని తెల్లటి ప్లాస్టిక్‌లో చుట్టి వదిలిన పెద్ద పెద్ద ఉండలు, ఎవరో పిండివంట మొదలుపెట్టి మరిచిపోయి వెళ్లినట్టు ఉండేవి. అవి చూసినప్పుడల్లా ఇంకో సంతోషం. వాటి గురించి చెప్పాలని ఇంట్లోకి పరిగెత్తుకొచ్చేదాన్ని. ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు.

జేగిల్ మా జిల్లా పశుపోషకుల సంఘంలో యువజన విభాగం కార్యదర్శి. పశువు అమ్మితే వచ్చే డబ్బు దాని దాణాకి కూడా చాలనప్పుడు ఆ లోటు ప్రభుత్వం పూడ్చాలని, అందుకు ఒక చట్టం కావాలని సంఘం ఏళ్ల తరబడి అడుగుతోంది. ఇవాళ ఒక ఎంపీ ఆఫీసు, రేపు ఇంకో ఊళ్లో మీటింగు. అలసిపోయి, గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చేవాడు. నేను ముల్లంగి పులుసు వేడిచేసి పెట్టేలోపల గోడకి ఆనుకుని నిద్రపోయేవాడు.

అందుకని ఏ రోజు మాటలు ఆ రోజు నా ఆవుకే చెప్పేదాన్ని. ఎర్రటి ఒళ్లు, పొడుగాటి రెప్పలు. నేను చెబుతున్నంతసేపూ నెమరేయడం ఆపేది కాదు, అలాగని పక్కకి వెళ్లేదీ కాదు. ఎండాకాలం చివర ఈనింది. పెయ్యదూడ. ఆ వారమంతా నేను కొట్టంలోనే అన్నం తిన్నాను.

పంటలు ఇళ్లకి చేరిన రోజుల్లో సంఘం ఆవుల్ని వాపసు ఇచ్చే ఉద్యమం ప్రకటించింది. ఇది మావాళ్లకి పాత అలవాటే. మేం మేపలేకపోతున్నాం, మీరే మేపుకోండి అంటూ ఆవుల్ని ట్రక్కులెక్కించి రాజధాని సియోల్‌కి బయల్దేరతారు. ఎప్పుడు బయల్దేరినా టోల్‌గేటు దగ్గర పోలీసులు బస్సులు అడ్డం పెడతారు. మగవాళ్లు రోడ్డు మీద కూర్చుని నినాదాలిస్తారు. ఆవులు ట్రక్కుల్లోనే పడుకుంటాయి. మర్నాడు అందరూ ఇళ్లకి వస్తారు. ఒక్క ఆవు కూడా నిజంగా వాపసు పోయింది లేదు.

ఆ రాత్రి భోజనం దగ్గర జేగిల్ గిన్నెలోంచి తల ఎత్తకుండా, మన ఊరి వంతు రెండు ఆవులని, ఒకటి గ్రామపెద్దగారిదని చెప్పాడు. మిగతా మన ఆవులన్నీ చూడితో ఉన్నాయన్నాడు. సంఘం ఛైర్మన్ బేక్‌గారు బక్కవాటిని తేవద్దన్నారట. టీవీలో చూసినవాళ్లకి ముచ్చటేయాలట.

"అయితే రెండోది ఎవరిది?" అన్నాను, తెలిసే.

"నీది. నువ్వు సరేనంటేనే."

"ముందు ముచ్చటగా ఉంటుందని పొగిడి, తర్వాత అడుగుతున్నావు. సంఘంలో ఇదే నేర్పుతారా?"

నవ్వాడు. రెండు రోజుల్లో దాన్ని నా చేతికి అప్పగిస్తానన్నాడు. నేను సరేనన్నాను. పొద్దున్నే ఇద్దరం కలిసి దానికి ఒళ్లు రుద్దాం. తెల్లవారి చలిలో దాని వీపు మీంచి ఆవిరి లేస్తుంటే, దాని అటువైపు నుంచి నా మొగుడు ఈల వేస్తుంటే, ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. ట్రక్కు మలుపు తిరిగాక దూడ అరవడం మొదలుపెట్టింది.

ఈసారి టోల్‌గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. ఆ సంగతి జేగిల్ దారిలోంచి ఫోను చేసి చెప్పాడు. అతని గొంతులో సంబరం కంటే అనుమానం ఎక్కువగా వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం కొట్టంలో ఒక బస్తా మీద కూర్చుని, ఫోనులో సభ చూస్తున్నాను. పార్లమెంటుకి వెళ్లే పెద్ద రోడ్డు. ఎర్ర పట్టీలు కట్టుకున్న తలలు. రోడ్డు పక్కన వరసగా కట్టేసిన ఆవులు. కెమెరా అటు తిరిగినప్పుడల్లా నా ఆవు కోసం వెతుకుతున్నాను. అంతలో వేదిక మీద కుర్చీలు వేశారు. నిరసనగా జిల్లాకొకరు చొప్పున గుండు చేయించుకుంటున్నారు. మా జిల్లా కుర్చీలో జేగిల్. మెడ చుట్టూ తెల్లటి గుడ్డ. అతని జుట్టు మొత్తం ఒళ్లో పడింది. చెవి వెనక ఒక మచ్చ బయటపడింది. పెళ్లయిన ఇన్ని నెలల్లో నేనెప్పుడూ చూడని మచ్చ. ముందు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. పక్కన చూసుకుని చెప్పడానికి దూడ తప్ప ఎవరూ లేరు.

అప్పుడే బేక్‌గారి ఫోను వచ్చింది. స్పీకరులో పెట్టాను, సభ అద్దం మూలన చిన్నదై నడుస్తూనే ఉంది. ఆయన ఎప్పుడూ అరిచినట్టు మాట్లాడే మనిషి. ఆ రోజు నెమ్మదిగా మాట్లాడారు. ప్రభుత్వం వాళ్లు ట్రక్కులు తెచ్చారట. ఇస్తామంటున్నారుగా, ఇచ్చేయండి, తీసుకుంటాం అన్నారట. ఇన్నేళ్లుగా వాపసు వాపసు అని అరిచినవాళ్లలో, వాళ్లు సరే అంటే ఏం చెయ్యాలన్నది ఒక్కరూ ఆలోచించలేదు. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఊరంతా నవ్వుతుంది, చట్టం మాట ఇంకెవరూ ఎత్తరు.

"ఆవు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి ఫోను చేసి అడుగుతారంట అమ్మాయ్. ఇచ్చేస్తున్నామని చెప్పు చాలు. అందరూ అదే చెప్తున్నారు. మన ఇరవై ఆవుల్లో ఒక్కటి తగ్గినా మనం ఊరికే అరిచామంటారు."

జేగిల్‌కి ఫోను ఇవ్వమన్నాను. వేదిక మీదున్నాడు కదమ్మా అన్నారు. అవును, నేనూ చూస్తూనే ఉన్నాను. చేతికందే దూరంలో, ఫోను అద్దం మీద, కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

కాసేపటికి ఒక కుర్ర గొంతు. చాలా మర్యాదగా, యున్ సెబిన్‌గారేనా అని అడిగాడు. నా పేరు మీదున్న పశువుని ప్రభుత్వానికి వదిలేస్తున్నట్టు ఇక్కడివాళ్లు చెబుతున్నారని, ఆ మాట యజమాని నోటితో వినాలని అన్నాడు.

"దానికి నీళ్లు పెట్టారా?" అన్నాను.

"పెట్టానండీ. నేనే బకెట్టుతో పెట్టాను."

"పొదుగు బిగిసిపోయి ఉంటుంది. దూడ ఇక్కడుంది."

అతను గొంతు తగ్గించాడు. "చూడండి, వద్దంటే వద్దనండి. మీకే ఇబ్బందీ ఉండదు. రేపు మధ్యాహ్నానికల్లా మీ కొట్టంలో ఉంటుంది."

అతను నన్ను బెదిరించి ఉంటే బాగుండేది. దూడ కటకటాల్లోంచి మూతి చాపి నా మోచెయ్యి నాకుతోంది. ఒక్క మాట అంటే దీని తల్లి ఇంటికి వస్తుంది. ఆ ఒక్క మాటతోనే, ఊళ్లన్నీ ఇచ్చేసినప్పుడు జాంగ్‌హుంగ్ నుంచి ఒక కొత్తకోడలు మాత్రం ఇవ్వలేదట అని పత్రికల్లో వస్తుంది. అప్పుడు అతని గుండు చూసి జనం నవ్వుతారు. అది నేను భరించలేననిపించింది.

"వదిలేస్తున్నాను," అన్నాను.

అతను నన్ను ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పాను.

మర్నాడు ముందు గ్రామపెద్దగారి ట్రక్కు వచ్చింది. అందులో ఆవు ఉంది. ఆయన భార్యని ఆమె పుట్టింటి ఊరి పేరుతో సున్‌చన్ పెద్దమ్మ అంటాం. ఆమె చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్లింది. ట్రక్కు తలుపు దించక ముందే నాకు చెప్పడం మొదలుపెట్టింది, వంటింట్లో పెనం మీద ఏదో మాడిపోతున్న వాసన వస్తున్నా పట్టించుకోకుండా.

"మా ఆవూ నా పేరు మీదే కదా, నాకా ఫోను చేసింది? ఎవడి ఆవుని ఎవడు తీసుకుంటాడ్రా అబ్బాయ్, రేపు పొద్దుగూకేలోపు నా వాకిట్లో ఉండాలి అన్నాను. పాపం, అలాగే పెద్దమ్మగారూ అన్నాడు. పక్క ఊరి వాళ్లూ అంతే చెప్పారంట, బేక్ పెళ్లాం కూడా అంతేనంట. నువ్వేమన్నావే కొత్తకోడలా?"

నా వెనక జేగిల్ ట్రక్కు వచ్చి ఆగింది. ఖాళీ ట్రక్కులో పలుపుతాడు చుట్టచుట్టి ఉంది. పెద్దమ్మ దాన్ని చూసింది, నా ముఖం చూసింది, పెనం గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయింది.

జేగిల్ టోపీ తీయకుండా కొట్టంలోకి వచ్చాడు. దూడ అతని వెనక ఏమైనా వస్తుందేమోనని చూసింది.

"వేదిక దిగాక తెలిసింది. అప్పటికే మిగతావాళ్లందరూ వద్దన్నారు. నువ్వు కూడా వద్దనే ఉంటావనుకుని ట్రక్కు వెనక తలుపు తెరిచి నిలబడ్డాను," అన్నాడు.

"నిన్ను చూస్తూనే చెప్పాను. ఫోనులో. గుండుతో కూర్చున్నావు."

"వద్దనాల్సింది సెబిన్."

"ముందే చెప్పి ఉండాల్సింది."

"వాళ్లు తీసుకుంటారని నాకు మాత్రం తెలుసా?"

అతను బస్తా మీద కూర్చున్నాడు. రేపే వెళ్లి దాన్ని తీసుకొస్తాను, చట్టం లేకపోతే పోనీ అన్నాడు. అతను ఆ మాట మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ క్షణంలో అతని మీద నాకు ఎంత ఇష్టం పుట్టిందంటే, టోపీ తీసి ఆ మచ్చ మీద ముద్దు పెట్టాను. పెట్టాక, వెళ్లవద్దన్నాను.

వెళ్లినా ఉపయోగం ఉండేది కాదేమో. ఆ సాయంత్రమే పత్రికల్లో ఫొటో వచ్చింది. పెద్ద రోడ్డు మీద ట్రక్కులన్నీ వెళ్లిపోయాక మిగిలిన ఒకే ఒక ఎర్రావు. పెళ్లి కానుకగా వచ్చిన ఆవుని ఒక రైతు భార్య ప్రభుత్వానికి వదిలేసిందని రాశారు. మిగతావాటి సంగతి ఎవరూ రాయలేదు. దేశమంతా ఆ ఫొటో చూసింది. ఏళ్ల తరబడి మూలన పడున్న బిల్లుని పార్లమెంటు కమిటీ ముందుకి తెస్తామని రెండు పెద్ద పార్టీలూ ప్రకటించాయి.

బేక్‌గారు బేరిపళ్ల పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఓటింగు అయ్యేదాకా ఆవు కోసం వెళ్లవద్దని జేగిల్‌ని బతిమాలారు. మన ఎర్ర పట్టీలు చెయ్యలేని పని ఆ ఒక్క ఆవు చేసిందన్నారు. ఆయన ఇంటి ఆవు ఇంటికి ఎలా వచ్చిందని నేను అడగలేదు. అడగనందుకే కాబోలు, నేను పళ్లు కోసి పెట్టినా ఆయన ముట్టుకోకుండా వెళ్లిపోయారు.

చలికాలంలో బిల్లు నెగ్గింది. సంఘం భవనంలో విందు చేశారు, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టారు. అప్పటికి నా ఆవుని ఉత్తరాన కొండల్లోని ఒక ప్రభుత్వ పశుక్షేత్రానికి తరలించారు. పశువులకి ఏదో చర్మరోగం వ్యాపిస్తోందని ఆ ప్రాంతం నుంచి ఒక్క పశువునీ బయటికి పంపడం లేదు. ఎప్పుడు పంపుతారని జేగిల్ వారం వారం ఫోను చేసేవాడు. రానురాను వాళ్ల జవాబులు పొట్టివయ్యాయి. తర్వాత నేనే మానేయమన్నాను.

అతనిప్పుడు ఎక్కువగా ఇంట్లోనే ఉంటున్నాడు. మొలుస్తున్న అతని జుట్టుని పొద్దున్నే అరచేత్తో తడమడం నా కొత్త సరదా. దూడ అరవడం మానేసింది. ఏ రోజు మానేసిందో నేను గమనించలేదు.

ఊళ్లో మాత్రం ఎవరూ నాతో ఎక్కువసేపు మాట్లాడరు. ఉదయం లేచేసరికి గుమ్మం ముందు ఎవరో పెట్టి వెళ్లిన కిమ్చీ పచ్చడి డబ్బా, లేదా నువ్వుల నూనె సీసా ఉంటుంది. తలుపు మాత్రం ఎవరూ తట్టరు. దారిలో కనిపిస్తే, పనుందమ్మా అంటూ దాటిపోతారు.

ఒకరోజు సున్‌చన్ పెద్దమ్మే కల్లం దగ్గర నన్ను ఆపింది. నా ముఖం వైపు చూడకుండా చేతిలోని చేట వైపు చూస్తూ, మా కొట్టానికి రావే, మా ఆవు కూడా అచ్చం నీదానిలాగే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడొచ్చి నిమురుకో అంది. ఆమె మంచి మనసుతోనే అంది. కాదనలేకపోయాను.

వాళ్ల కొట్టంలో కొత్తగా రంపపు పొట్టు పరిచారు, వెచ్చటి వాసన వేస్తోంది. ఆవు నిజంగానే అదే ఎరుపు, అవే రెప్పలు. చెయ్యి చాపితే వచ్చి వేళ్ల సందుల్లో ఉప్పు కోసం నాకింది. నేను మాట్లాడదామనుకున్నాను. అంతలో వెనక దాని దూడ కదిలింది. ఆవు నా చెయ్యి వదిలేసి అటు తిరిగి, దూడ మెడ నాకుతూ నిలబడింది.

"చూశావా?" అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

"చూశాను పెద్దమ్మా."

"రోజూ రా అయితే."

"అలాగే," అన్నాను. మళ్లీ వెళ్లలేదు.