ఒక్క సెల్ఫుకి అందుకోని కారు

మంగరాజు కోపం ఏటిగట్టు వాళ్ళకి కొత్తేమీ కాదు. కాకపోతే ఇదివరకు దాన్ని అందరికీ సమానంగా పంచిపెట్టేవాడు. రొయ్యల మేత తెచ్చే వ్యాను డ్రైవరుకి కాస్త, కరెంటాఫీసు వాళ్ళకి కాస్త, చెరువు గట్టు తొక్కేసే పరాయి గేదెలకి కాస్త. ఈ నెల్లాళ్ళుగా మాత్రం ఆ కోపమంతా మూటగట్టి ఒక్కచోటికే మోసుకుపోతున్నాడు. అమలాపురంలో కారు రిపేరు చేసిన షోరూముకి.

క్లచ్ ప్లేట్లు అరిగిపోతే కారు అక్కడికి తీసుకెళ్ళాడు. మార్చి ఇచ్చారు. ఇంటికి వచ్చేటప్పుడు బాగానే వచ్చింది. మర్నాడు పొద్దున్న తాళం తిప్పితే, అప్పటిదాకా పిలవగానే పలికిన ఇంజను, గుర్ర్... గుర్ర్... అని ఈడ్చి ఈడ్చి, ఇక లేవదనుకున్నాక లేచింది. ఆ రోజు నుంచి రోజూ అదే తంతు.

పాతికేళ్ళ నాటి కారైతే సరిపెట్టుకునేవాడేమో. అసలు కారు మీద మోజు మంగరాజుకి ఎప్పుడూ లేదు. తాతల నాటి నుంచీ పడవల మీద బతికిన కుటుంబం. ఈ కారు కొన్నది ఒక్క పని కోసం. కూతురు చిన్నికి నొప్పులొస్తే ముమ్మిడివరం దాటించి అమలాపురం ఆస్పత్రికి చేర్చాలి. అంతే.

చిన్నికి ఇది రెండో కాన్పు. మొదటిసారి పురిటికి పుట్టింటికొచ్చినప్పుడు మంగరాజుకి కారు లేదు. నొప్పులు మొదలవగానే అద్దె కారు పిలిచాడు. వచ్చింది. చిన్నిని వెనక సీట్లో పడుకోబెట్టారు. డ్రైవరు తాళం తిప్పాడు. గుర్ర్ మంది, ఆగింది. మళ్ళీ గుర్ర్ మంది, ఆగింది. నలుగురూ కలిసి గట్టు దాకా తోశారు. ఇంజను అందుకోలేదు. ఆటో దొరికి ఆస్పత్రికి చేరేసరికి లోపల బిడ్డ కదలడం మానేసింది. ఏమైందో చూద్దామని వెనకే వచ్చిన ఆ డ్రైవరుని మంగరాజు ఆస్పత్రి గేటు దగ్గర పడేసి కొట్టాడు. జనం పట్టుకుని లాగితే తప్ప వదల్లేదు. ఆ తర్వాత ఎవరి బండి సెల్ఫు కొట్టినా, అది అందుకునేదాకా అతనికి ఊపిరాడేది కాదు.

అలాంటి మనిషి ఇంట్లో, చిన్నికి నెలలు నిండిన వేళ, కారు ఈడుస్తోంది.

మొదటిసారి వెళితే షోరూము వాళ్ళు బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేశారు. ఈడుపు తగ్గలేదు. రెండోసారి వెళితే మేనేజరు ఏసీ గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "క్లచ్చి పూర్తిగా తొక్కి స్టార్ట్ చెయ్యాలండీ. కొంతమందికి అలవాటుండదండి" అన్నాడు మహా మర్యాదగా. మంగరాజు ఆ కాఫీని మేనేజరు బల్ల మీదున్న పూలకుండీలో పోశాడు. "నేను ఏరు సముద్రంలో కలిసే మొగలో, పోటు మీద ఇంజను బోటు నడిపినోణ్ణి. నాకు తొక్కడం నేర్పుతావా?" అని వేసిన కేకకి కొత్త కార్లు చూసుకోడానికి వచ్చినవాళ్ళు కూడా మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఈసారి కారు బాగవకపోతే నిండు చూలాలైన కూతుర్ని తెచ్చి మీ అద్దాల గదిలోనే కూర్చోబెడతానన్నాడు. అన్నంత పనీ చేస్తాడని వాళ్ళకి అర్థమైంది. అందుకే ఇవాళ నాగసతీష్ అనే మెకానిక్కుని పనిముట్ల సంచీతో సహా ఇంటికే పంపించారు.

నాగసతీష్ బైకు దిగీ దిగకుండానే మంగరాజు అందుకున్నాడు.

"రండి బాబూ, రండి! బాగున్న బండిని చెడగొట్టి ఇచ్చేరు. ఇప్పుడు ఏం చెడగొట్టేరో చూసుకోడానికి వచ్చేరా?"

"ఆయ్, చూడ్డానికే వచ్చేనండి బాబాయ్ గారూ."

"బాబాయ్ లేదు, పిన్ని లేదు! పని చూడు."

మంగరాజు భార్య కాంతం బొండం కొట్టి తెచ్చి ఆ కుర్రాడి చేతికిచ్చింది. మొగుడి వంక ఒక చూపు చూసింది. ఆ చూపు మంగరాజు పట్టించుకోలేదు. చిన్ని అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఇదంతా వింటోంది.

"ఒక్కసారి సెల్ఫు కొట్టండి," అన్నాడు నాగసతీష్.

మంగరాజు తాళం తిప్పాడు. గుర్ర్... గుర్ర్... చిన్ని రెండు చేతులూ కడుపు మీద వేసుకుంది. ఆ ఈడుపు పూర్తికాకముందే గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళిపోయింది. మంగరాజు అది చూశాడు. అతని రక్తం ఉడికిపోయింది.

"చూసేవా? ఆ చప్పుడు వినలేక పిల్ల లోపలికి పోయింది! మీ ఇంట్లో ఆడపిల్లలు లేరా? మీకు కడుపుకోత తెల్దా?" అంటూ కిందున్న పనిముట్ల సంచీని కాలితో ఒక్క తోపు తోశాడు. రెంచీలన్నీ వాకిట్లో చెల్లాచెదురయ్యాయి.

నాగసతీష్ మొహం ఎర్రబడింది. ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. "నన్ను పని చెయ్యనివ్వండి. తర్వాత తిడుదురుగాని," అని మాత్రం అన్నాడు. బానెట్టు ఎత్తి, మందపాటి వైరు ఒకటి తీసి, ఒక కొస బ్యాటరీ నెగెటివ్‌కి, రెండో కొస నేరుగా ఇంజనుకి తగిలించాడు. "ఇప్పుడు కొట్టండి."

ఠక్కున అందుకుంది. మంగరాజు వేలు తాళం మీద నుంచి తీసే లోపే ఇంజను తిరుగుతోంది.

"బ్యాటరీ బాగుందండి, సెల్ఫు మోటారూ బాగుందండి. ఎర్తు వైరు బాడీకి బిగించే చోట తేడా ఉందండి. మొదటి రోజే మావాళ్ళు అక్కడ చూడాల్సింది. అది మాదే తప్పండి," అన్నాడు నాగసతీష్.

ఆ ఒక్క మాట చాలు మంగరాజుకి. నెల్లాళ్ళ కోపానికి రసీదు దొరికినట్టయింది. జేబులోంచి ఫోను తీసి మేనేజరుకి కొట్టాడు. చుట్టుపక్కల వాళ్ళు కూడా వినాలని స్పీకరు పెట్టాడు.

"ఏవండోయ్ మేనేజరు గారూ! క్లచ్చి తొక్కడం రాదన్నావు కదా! ఇదిగో మీ మనిషే చెప్తన్నాడు. వైరు సరిగ్గా బిగించడం చేతకాని చవటలు మీరు! నా కూతురికి ఏవన్నా అయ్యుంటే మిమ్మల్ని, మీ షోరూమునీ కలిపి ఏట్లో ముంచేద్దును! మీరు అన్నమే తింటన్నారా?"

గట్టు మీద పోయేవాళ్ళు ఆగారు. మంగరాజు గొంతు ఇంకా పెరిగింది. అవతల మేనేజరు "సారీ అండీ, సారీ అండీ" అంటూనే ఉన్నాడు. ఈలోగా నాగసతీష్ ఆ బోల్టు విప్పి, వైరు కొసనున్న రింగు బయటికి తీసి, వేలితో రాసి చూశాడు.

"బాబాయ్ గారూ. ఇక్కడ రంగుందండి."

"ఉంటే?"

"ఇక్కడ ఇనుముకి ఇనుము తగలాలండి. మధ్యలో రంగుంటే కరెంటు సరిగ్గా పారదండి, తూములో నాచు పట్టినట్టు."

"వినేవా మేనేజరూ? రంగేసేరంట! కళ్ళు నెత్తికెక్కి రంగు పూసేరంట నా బండికి!"

నాగసతీష్ కాస్త ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "బండి తెల్లదండి. ఇది ఆకుపచ్చండి."

మంగరాజు చూపు గేటు మీదికి పోయింది.

పడవ మనుషులకి ఒక చాదస్తం ఉంటుంది. ఉప్పుగాలి ఇనుమునెలా తినేస్తుందో చూసి చూసి, బోసిగా మెరిసే ఇనుము కంటబడితే ఊరుకోలేరు. పడవకి వేయగా మిగిలిన రంగు ఇంట్లో ఇనుమన్నదానికల్లా పూస్తారు. మంగరాజు గేటు ఆకుపచ్చ. చేతిపంపు ఆకుపచ్చ. చివరికి కుర్చీల బోల్టులు కూడా ఆకుపచ్చే. షోరూము నుంచి కారు తెచ్చిన సాయంత్రం బానెట్టు ఎత్తి చూస్తే, వాళ్ళు గీకి శుభ్రం చేసి వైరు బిగించిన చోట ఇనుము తళతళలాడుతూ కనిపించింది. ఇలా వదిలేస్తే తుప్పు పట్టి, సరిగ్గా అవసరం పడ్డప్పుడు మొరాయిస్తుందని భయపడ్డాడు. బోల్టు విప్పి, బాడీ మీదా, రింగుకి రెండు వైపులా శ్రద్ధగా రంగు వేసి, ఆరబెట్టి, మళ్ళీ బిగించాడు. చిన్ని కోసమే చేశాడు ఆ పని.

"హలో? మంగరాజు గారూ? లైన్లో ఉన్నారా అండీ?" అంటోంది ఫోను. మంగరాజు కట్ చేశాడు. గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. తిట్టడానికి అలవాటుపడిన నోరు ఊరుకోక, భార్య మీదికి తిరిగాడు.

"నేను రంగు వేస్తంటే చూస్తానే ఉన్నావు కదా! ఒక్క మాట చెప్పొద్దా?"

"నీకు చెప్పేవాళ్ళెవరయ్యా?" అంది కాంతం. "నువ్వు విన్నదెప్పుడు?"

"అమ్మని అంటావేంటి?" చిన్ని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహం జేవురించి ఉంది. తండ్రి మీద ఆమె గొంతెత్తడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. "ఇంకెవరున్నారో చూసుకో నాన్నా, తిట్టడానికి! ఆ రోజూ ఇంతే. బిడ్డ పోయి నేను లోపల పడుంటే, నువ్వు గేటు దగ్గర డ్రైవర్ని కొడతన్నావు. నా పక్కకి రాలేదు. ఎంతసేపు చూసేనో తెల్సా నీ కోసం? ఈ నెల్లాళ్ళూ షోరూము, షోరూము. భయంగా ఉందా అమ్మా అని ఒక్కసారి అడిగేవా?"

గట్టు మీద జనం మెల్లగా కదిలి ఎవరి దారిన వాళ్ళు పోయారు. నాగసతీష్ తలొంచుకుని గరుకు కాగితంతో ఆకుపచ్చంతా గీకేసి, వైరు బిగించి, పైన గ్రీజు రాశాడు. మంగరాజు వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. వెంటనే అందుకుంది. నాగసతీష్ సంచీ సర్దుకుని, కాంతానికి చెప్పి వెళ్ళిపోయాడు.

ఇంజను తిరుగుతూనే ఉంది. మంగరాజు సీట్లోంచి లేవలేదు.

"డీజిలు తగలెడతన్నావు, ఆపయ్యా," అంది కాంతం.

అతను ఆపలేదు. చిన్ని మెట్లు మెల్లగా దిగి, తలుపు తీసుకుని, ఆయాసపడుతూ పక్క సీట్లో కూర్చుంది. తండ్రి చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది. ఆమె చెయ్యి చాచి, అతని వేళ్ళతో సహా తాళాన్ని వెనక్కి తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది.

"మళ్ళీ కొట్టు," అంది.

మంగరాజు ఎదుటి అద్దంలోంచి గేటు వైపే చూస్తున్నాడు. కళ్ళు తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"నాకు భయమేస్తందమ్మా," అన్నాడు.

"నాకూ భయమే నాన్నా," అంది చిన్ని, బెల్టు కడుపు కిందికి సర్దుకుంటూ. "ఊఁ, కొట్టు."