గ్రనడాలో మాస్టారి మోకాలు

నేను ఒక మోకాలి పట్టీని. తిరుప్పూరు మిల్లులో సాగే నూలుతో నన్ను అల్లి, అట్టపెట్టెలో పెట్టి, పైన పరుగెత్తే కుర్రాడి బొమ్మ వేశారు. ఆ కుర్రాడికి నాతో పనేమిటో నాకిప్పటికీ తెలియదు. నన్ను కొన్నది మాత్రం కాకినాడలో లెక్కలు చెప్పి రిటైరైన సత్యలింగం మాస్టారు. స్పెయిన్ టూరుకు బయలుదేరుతూ కుడికాలికి తొడుక్కున్నారు.

భార్య పోయాక ఆయన ఊరు కదలడం ఇదే మొదలు. అదే టూరులో శేషారత్నంగారు వచ్చారు. ఆవిడా ఒంటరే, పెద్దాసుపత్రిలో నర్సుగా చేశారు. మొదటిరోజే మాస్టారి కుంటినడక చూసి, "ఇలా మడతపడిపోతే రక్తం ఆడదండి మాస్టారూ" అంటూ వంగి నన్ను సరిచేశారు. అంతే, మోకాలి బాధ కాస్తా గుండెకు పాకింది. బస్సులో మగవాళ్లందరినీ "అన్నయ్యగారూ" అని పిలిచే ఆవిడ, ఈయనను మాత్రం "మాస్టారూ" అనేవారు. ఆ ఒక్క తేడా పట్టుకుని ఆయన ఆకాశానికి నిచ్చెన వేశారు.

దారిలో ఒక ఊళ్లో ఎవరో కుర్రాడు మోకాలు నేలకానించి ఒక అమ్మాయికి ఉంగరం ఇవ్వడం, చుట్టూ జనం చప్పట్లు కొట్టడం చూశారు. పెళ్లిమాట అడగాలంటే అదే పద్ధతి అనుకున్నారు. బెంచీమీద కూర్చుని అడిగితే ఏం పోయింది? కానీ పట్టీ మాట ఎవరు వింటారు!

గ్రనడా చేరాక చోటు కోసం వెతుకులాట. తెల్లవారగానే ఇద్దరం బయలుదేరేవాళ్లం. కొండమీది పాతపేట సందులనిండా గులకరాళ్లు పరిచారు, మోకాలు ఆనించి చూస్తే నాలోంచి గుచ్చుకున్నాయి. ఎదురుగా అల్‌హంబ్రా కోట కనబడే చప్టా బ్రహ్మాండంగా ఉంది గానీ, అక్కడ ఫోటోల జనం తిరునాళ్లలా ఉన్నారు. నది పక్కన ఒక మలుపు ఆయనకు మరీ నచ్చింది. అయితే వంగాక లేవడానికి పట్టుకునే ఆసరా లేదు. చివరికి కోట తోటలో ఒక దానిమ్మ చెట్టు కింద కుదిరింది. మెత్తని మట్టి, పక్కనే రాతి అరుగు.

ఆఖరిరోజు సాయంత్రం ఆవిడను అక్కడికి పిలుచుకొచ్చారు. ఎర్రరాయి ఉంగరం పిడికిట్లో పట్టుకుని వంగారు. నా బలమంతా పెట్టి ఆ మోకాలిని పట్టుకున్నాను. ఎముక కటుక్కుమంది. దారిపొడవునా వల్లించుకున్న మాటకు బదులు నొప్పికి "అమ్మా" అని మూలిగారు.

ఆవిడ ఆయన ముఖం చూశారు. వేళ్ల సందున మెరిసేదాన్నీ చూశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులతో ఆ పిడికిలి మూసేసి, చంకకింద చెయ్యివేసి ఒక్క ఊపులో లేపారు. నర్సు కదా, మనిషిని లేపడం తెలుసు.

"లెండి అన్నయ్యగారూ," అన్నారు మెల్లగా. "అవతల బస్సెళ్లిపోద్దండి."

మాస్టారు తల ఊపారు.

ఇప్పుడు నేను హోటలు గది చెత్తబుట్టలో ఉన్నాను. ఆయన మీద కోపం లేదు, జాలే. పొద్దున ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాను. ఒక్కో మెట్టు దగ్గరా ఆగుతున్నారు. ఆయన మోకాలి ఆకారం నాలో ఇంకా అలాగే ఉంది.