ఆదివారం తిరిగిన పట్టీ

నేను ఒక స్టీలు పట్టీని. మూడు వేళ్ళ వెడల్పు, నిలువునా వేలాడితే మోకాటి లోతు. పైన అరచేతిలో పట్టే మోటారు, కింద నన్ను బిగువుగా పట్టి ఉంచే చిన్న చక్రం, పక్కన నన్ను గీరే రబ్బరు పలక, దాని కింద ఒక డబ్బా. నా సంసారం అంతే. నూనె నాకు ఇట్టే అంటుకుంటుంది, నీళ్ళు అంతగా అంటవు. ఆ ఒక్క గుణం మీదే నా బతుకంతా నడిచింది. కేటలాగులో నా పేరు ఆయిల్ స్కిమ్మర్, అంటే నీళ్ళ మీద తేలే నూనె తీసేది. గాజువాక ఆటోనగర్‌లో మాత్రం నన్ను నాకుడు మిషను అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది.

నన్ను కొన్నవాడు భానోజీ. తండ్రి పెట్టిన షెడ్డులో పంపులకు ఇరుసులు తీయించేవాడు. ఇనుమును గిరగిరా తిప్పి చెక్కే అతని పెద్ద లేతు మీద పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నవాడు తవిటినాయుడు. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పాలలాంటి తెల్లటి నీళ్ళు ధార కడతాయి. వాటిని కూలెంటు అంటారు. లేతు కింది ట్యాంకులో నిలవుండి, పంపుతో మళ్ళీ పైకి వస్తాయి. లేతు జారుడు పట్టాలకు వేసే నూనె కారి కారి ఆ నీళ్ళలోకే దిగుతుంది, పైకి తేలి దుప్పటిలా కప్పేస్తుంది. గాలి ఆడక కింద నీళ్ళు కుళ్ళుతాయి. సోమవారం పొద్దున తలుపు తీస్తే చచ్చిన చేపల వాసన.

ఆ కుళ్ళు నీళ్ళు తవిటినాయుడి చేతులు తినేశాయి. వేళ్ళ సందుల్లో పొక్కులు, అరచేతుల్లో పగుళ్ళు. తిరిగే లేతు దగ్గర గ్లౌజు వేసుకుంటే అది గుడ్డతోపాటు చెయ్యినీ లాక్కుపోతుంది, కాబట్టి ఆ దారీ లేదు. చర్మం డాక్టరు ఒకటే మాట చెప్పాడు: ఆ నీళ్ళైనా మారాలి, నువ్వైనా మారాలి. భానోజీ మనసున్నవాడే. గేటు దగ్గర కాపలాకు స్టూలు వేయిస్తాను, జీతం తగ్గించను అన్నాడు. ఆ మాట విన్న రోజు తవిటినాయుడు క్యారేజీ విప్పలేదు.

నాకంటే ముందు అక్కడికి నూనె నాకే ఒక బిళ్ళ వచ్చింది. కంచమంత గుండ్రంగా, తళతళలాడుతూ తిరిగేది. భానోజీ దాన్ని చూసి మోజుపడి తెచ్చుకున్నాడు. ట్యాంకు నోరు జానెడని, వారం తిరిగేసరికి నీళ్ళు అడుగు కిందికి దిగిపోతాయని కొలుచుకోలేదు. సోమవారం నూనె నాకిన బిళ్ళ గురువారానికి గాలి నాకింది. మనుషులు లక్షలు పోసే ఇరుసును వెంట్రుకవాసి తేడా లేకుండా కొలుస్తారు, ఇంట్లోకి తెచ్చుకునే వస్తువును మాత్రం కంటితో చూసి తెచ్చుకుంటారు.

ఈసారి తవిటినాయుడే ట్యాంకులో చీపురుపుల్ల ముంచి, తడి ఎంతవరకు వచ్చిందో గోటితో గుర్తుపెట్టి, ఆ పుల్లనే దుకాణానికి పట్టుకెళ్ళాడు. సన్నటి నోట్లో దూరి, నీళ్ళు ఎంత దిగితే అంత లోతుకు అందేది నేనే. అలా కుదిరింది మా సంబంధం.

వచ్చాక నా పరువు వారం రోజుల్లో పోయింది. నా వైరును లేతు స్విచ్చుకే కలిపారు. లేతు ఆడితే నేనూ ఆడాలి, అది ఆగితే నేనూ ఆగాలి. దానికి కారణం లేకపోలేదు. భానోజీ తండ్రి కాలంలో ఒక ఆదివారం వైరు కాలి షెడ్డు కప్పు సగం పోయింది. అప్పటి నుంచి పని ముగియగానే మెయిను దించి, దానికో దణ్ణం పెట్టి తాళం వేయడం ఆ ఇంటి ఆచారం. లేతు ఆడుతున్నంతసేపూ పంపు నీళ్ళను గిలక్కొడుతుంది. నూనె, నీళ్ళు కలిసి నురగవుతాయి. ఆ నురగనే నేను పైకి మోసి డబ్బాలో పోశాను.

డబ్బాలోకి చూసి భానోజీ ముఖం మాడ్చుకున్నాడు. "మంచి కూలెంటే తోడేస్తంది నాయుడూ. ఇదీ దండగే. సోమవారం నుంచి నువ్వు గేటుకాడ కూకో. నీ చేతులు నాను సూడలేకపోతన్నాను."

తవిటినాయుడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అలాగే బాబూ," అన్నాడు.

ఇనుప రజను ఊడ్చే పైడమ్మ చీపురు ఆపింది. ఆమె ఇంట రెండు గేదెలున్నాయి. "కవ్వం ఆడతా ఉంటే మీగడెక్కడ కడతాది బాబూ? పాలు కదపకుండా ఒగ్గీయాల. మీ లేతు పడుకున్నప్పుడు కదా దీన్ని లేపాల."

"లేతు పడుకునేది ఆదివారం. ఆదివారం ఈ షెడ్డులో కరెంటుండదు, నీకు తెల్దా?"

"అయితే మీరొచ్చి కాపలా కూకోండి. మా గేదె ఈనితే నాను కూకోనేటి?"

తవిటినాయుడు నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకున్నాడు. భానోజీ మాత్రం ఆ రాత్రంతా ఆలోచించినట్టున్నాడు.

ఆదివారం పొద్దున తాళం తీసి వచ్చాడు. నాకు వేరే వైరు లాగి, పక్కన ఇసుక బకెట్టు పెట్టి, కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఇంటి నుంచి వచ్చిన ఇడ్లీ నా ఎదురుగానే తిన్నాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, నూనె అద్దంలా తేలి ఉంది. నేను నెమ్మదిగా దిగుతూ ఎక్కుతూ ఉన్నాను. రబ్బరు పలక నుంచి నల్లగా, చిక్కగా, బొట్టు వెనక బొట్టు. డబ్బా నిండింది, పారబోసి మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నానికి నాతో మాటలు కూడా మొదలుపెట్టాడు. వాటిని నేను ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

సోమవారం తవిటినాయుడు గేటు దగ్గరికే వచ్చాడు, స్టూలు వెతుక్కుంటూ. లోపలి నుంచి వాసన రాలేదు. అనుమానంగా తొంగిచూశాడు. "ఏటి సూస్తన్నావు?" అన్నాడు భానోజీ, ఆవులిస్తూ. "లేతు నీకోసం సూస్తంది."

ట్యాంకు కడిగి కొత్త కూలెంటు పోశారు. ఆదివారాలు నావయ్యాయి. చేతులు వెంటనే మానలేదు, రెండు నెలలు పట్టింది. ఆ దసరాకు నాకూ పసుపు రాశారు. అరగంటలో నేనే దాన్ని గీరి డబ్బాలో పోసేసుకున్నాను.

ఇప్పుడు నేను అదే ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్టు గోడకు వేలాడుతున్నాను. మోటారు కాలిపోయింది. కొత్త లేతులు నాలాంటివాటిని కడుపులో పెట్టుకునే పుడుతున్నాయట. నాకు దిగుల్లేదు. ఖాళీగా వేలాడుతూ, తవిటినాయుడు పని మానేసిన రోజును తలచుకుంటూ ఉంటాను.

అరవై నిండి, ఇరుసు తీస్తూ తీస్తూ లేతు మీంచే దిగాడు. భానోజీ శాలువా కప్పాడు. నాయుడు బొబ్బిలి నుంచి తెచ్చిన లడ్డూల పెట్టె విప్పాడు. పుళ్ళున్న రోజుల్లో ఏ పండగకైనా అతను పెట్టెను బల్ల మీద పెట్టి పక్కకు జరిగేవాడు, ఎవరికి వాళ్ళు తీసుకునేవారు. ఆ రోజు మాత్రం ఒక్కొక్కటీ తన చేత్తో తీసి, ఒక్కొక్కరి చేతిలో పెట్టాడు. భానోజీ ఆ చెయ్యి కాసేపు వదల్లేదు.

పైడమ్మ రెండో చెయ్యి కూడా చాపింది. "ఇంకోటెట్టు నాయుడూ. గేదెలకి కాదులే, నాకే."